పెద్దక్క ఎక్కని బస్సు

మొన్న ఆఫీసు క్యాబులో నా పక్క సీటు అమ్మాయికి జలుబు. షోళింగనల్లూరు సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు సంచీలోంచి చిన్న సీసా తీసి రుమాలు మీద రెండు చుక్కలు వేసుకుంది. నీలగిరి తైలం. అద్దాలు బిగించిన ఏసీ బండిలో ఆ వాసన మరెక్కడికి పోతుంది, నేరుగా వచ్చి నా కళ్ళలో నీళ్ళు నింపింది. "సారీ అక్కా, మీకు పడదా?" అంది ఆ పిల్ల కంగారుగా. పడకపోవడమేమిటమ్మా అన్నాను. అంతకంటే చెప్పాలంటే కథ చాలా ఉంది, ఆఫీసు గేటేమో అప్పటికే కనబడుతోంది. దిగాను, లిఫ్టు ఎక్కాను, కంప్యూటరు తెరిచాను, మధ్యాహ్నం దాకా ఒక్క పనీ చేయలేదు. నా మనసు ఇక్కడికి మూడు విమానాల దూరంలో, పెరూ దేశంలో ఒక కొండ కింది ఊళ్ళో, హోటలు కిటికీ పక్కన పెద్దక్కతో కూర్చుని ఉంది. కింద స్టేషన్లో రైలు కూత వేస్తోంది, మేమిద్దరం కదలకుండా వింటున్నాం.

పెద్దక్క పేరు ఆండాళమ్మ. మద్రాసు పురసవాక్కంలో పెద్ద పెద్ద బట్టల షాపుల మధ్య, కొత్తవాళ్ళకు చటుక్కున కనబడని ఒక సందు మొదట్లో ఆమె చీరల కొట్టు. వాళ్ళ పూర్వులు ఎన్నో తరాల కిందట మద్రాసు చేరి వ్యాపారంలో పాతుకుపోయిన తెలుగువాళ్ళు. భర్త నడివయసులోనే పోతే, మరుదులు కొట్టు అమ్మేద్దామంటే, "అమ్మేదానికి నేనేమన్నా చచ్చిపొయినానా" అని గల్లాపెట్టె ముందు తనే కూర్చుందట. కొట్టులో పనిచేసే మాకూ, ఎదురుగా పూలమ్మే వాళ్ళకూ, టీ తెచ్చే ముసలాయనకూ కూడా ఆమె పెద్దక్కే. నేను వ్యాసర్పాడి పిల్లని. మా నాయన రైల్వే యార్డులో కూలి. ప్లస్ టూ అయ్యాక ఏం చేయాలో తెలియక తిరుగుతున్న నన్ను మా అమ్మ తీసుకొచ్చి ఆమె ముందు నిలబెట్టింది. పెద్దక్క నన్ను కింది నుంచి పైదాకా చూసి, చేతిలో ఒక పట్టుచీర పెట్టి, మడత పెట్టమంది. నేను పెట్టిన మడత చూసి నవ్వి, "సరి, మడత వంకర. మనిషి వంకర కాదు. రేపట్నించి రా" అంది.

ఆ కొట్టులో ఒక పద్ధతి ఉండేది. మూసే వేళయినా సరే, లోపల ఒక్క బేరం మనిషి ఉన్నా లైటు తీయకూడదు, షట్టరు సగం కూడా దించకూడదు. నాకిది మొదట్లో నచ్చేది కాదు. ఒక పండగ ముందు సాయంత్రం ఒక ముసలావిడ మనవరాలి ఓణీల ఫంక్షనుకి చీర చూస్తోంది. చూసిందే చూస్తోంది. నా కాళ్ళు పీకుతున్నాయి, వ్యాసర్పాడి బస్సు పోతుందని గుబులు. మెల్లిగా వెళ్ళి వెనక వరస ట్యూబులైటు ఒకటి తీసేశాను. ఆమెకు అర్థమై లేస్తుందని నా తెలివి. పెద్దక్క తనే లేచి వచ్చి లైటు మళ్ళీ వేసి, ఆవిడ పక్కన కూర్చుని, "నిదానంగా చూడండమ్మా. మనవరాలు తెలుపా, చామనచాయా?" అని అడిగింది. ఆవిడ వెళ్ళాక నాతో అన్న మాట ఇది: "ముందొచ్చినోళ్ళకు ఎవురైనా మర్యాద చేస్తారు పద్మా. కడాకి ఉండేవాళ్ళకు చేసేదే మర్యాద." ఆ రోజు నా బస్సు పోయింది. పెద్దక్కే తన ఆటోలో నన్ను వ్యాసర్పాడిలో దింపి వెళ్ళింది.

ఆ మాటకు అసలు అర్థం నాకు తిరుమల నడకలో తెలిసింది. తమిళుల పెరటాసి, వెంకన్న నెల, వస్తే మా వైపు ఎంతోమంది మద్రాసు నుంచి కొండకు కాలినడకన పోతారు. పెద్దక్క గుంపు ఆడవాళ్ళ గుంపు. కొట్టులో పనిచేసేవాళ్ళు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు, పసుపు చీరలు కట్టుకుని ఊత్తుకోట, నాగలాపురం, పుత్తూరు మీదుగా రోజుల తరబడి నడిచేవాళ్ళం. ప్రతి గుంపులో పెద్ద మనిషి ముందు నడుస్తాడు. మా గుంపులో పెద్దక్క అందరికంటే వెనక నడిచేది. ఎవరు వెనకబడితే వాళ్ళ పక్కన ఆమె ఉండేది. సాయంత్రం ఏ సత్రంలోనో ఆగాక ఒక్కొక్కరి పాదం తన ఒళ్ళో పెట్టుకుని నీలగిరి తైలం రాసేది. మాకు సిగ్గేసి కాళ్ళు లాక్కుంటే, "చీర మడత పెట్టేదానికి సిగ్గు లేదు, కాలు చాపేదానికి సిగ్గా?" అని గద్దించేది. కొండెక్కేటప్పుడు మోకాళ్ళ మెట్టు దగ్గర అందరూ ఆగాలి. చివరి మనిషి వచ్చి కూర్చుని నీళ్ళు తాగితేనే మిగతావాళ్ళు లేవాలి. చివరి మనిషి రానిదే ఎవరూ దర్శనానికి పోకూడదు.

ఇంకో నియమం కూడా ఉండేది, అది కొంచెం కఠినం. నడక మధ్యలో తెగితే బస్సెక్కి కొండకు పోకూడదు. ఇంటికే పోవాలి, వచ్చే ఏడు మళ్ళీ మొదటి నుంచి నడవాలి. ఒక ఏడు, చీరలకు ఫాల్ కుట్టే మల్లికకు పుత్తూరు దాటాక పాదం చీము పట్టి అడుగు పడలేదు. అక్కడి నుంచి చూస్తే దూరంగా కొండలు కనబడుతున్నాయి. "కొండ కనబడతా ఉంది పెద్దక్కా, బస్సులో పోయి ఒక్కసారి మొక్కుకోనొస్తా" అని మల్లిక ఏడ్చింది. పెద్దక్క ఆమె కన్నీళ్ళు తన కొంగుతో తుడిచి, మద్రాసు బస్సే ఎక్కించింది. "కొండ యాడికీ పోదు. వచ్చే యేడు గూడా ఆడే ఉంటుంది" అంది. మరుసటి ఏడు మల్లిక పూర్తిగా నడిచి, మహాద్వారం ముందు పెద్దక్కను కౌగిలించుకుని ఏడ్చిన ఏడుపు చూసినప్పుడు, ఆ నియమం ఎంత గొప్పదో అనుకున్నాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళ వాళ్ళకు నియమాలంటే మహా ఇష్టం.

నన్ను కరస్పాండెన్సులో బీకాం చదివించింది ఆమే, కంప్యూటరు క్లాసుకు తోసింది ఆమే. షోళింగనల్లూరులో ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు, "ఆమా, ఇంక నీకు మా కొట్టు ఏడ కనబడుతుంది" అని దెప్పి, వెంటనే లోపలికి పోయి ఒక కాటన్ చీర తెచ్చి ఇచ్చింది. ఉద్యోగం మారినా నేను ప్రతి ఏడూ నడకకు పోతూనే ఉన్నాను. ఆదివారాలు కొట్టుకు వెళ్ళి గల్లా పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. అలాంటి ఒక ఆదివారం నాడే మమ్మల్ని పెరూ దాకా లాక్కుపోయిన శాలువా వచ్చింది.

పాత బేరం మనిషి, ఒక డాక్టరమ్మ, శాలువా కప్పుకుని కొట్టుకు వచ్చింది. మద్రాసులో శాలువా కప్పుకోవాలని సరదా పుడితే ఏసీ పెట్టిన బట్టల కొట్టుకు రావడం తప్ప వేరే దారి లేదు. పెద్దక్క చీరలు చూపించడం మానేసి ఆ శాలువా అంచు వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చుంది. "ఇది యాడ కొన్నారమ్మా? ఇది మిషిన్లో నేసింది కాదే" అని అడిగింది. డాక్టరమ్మ పెరూ గురించి చెప్పింది. ఆ కొండల్లో ఆడవాళ్ళు మగ్గాన్ని నడుముకు కట్టుకుని నేస్తారట. అక్కడి పాతకాలపు రాజులు, ఇంకాలనేవాళ్ళు, కొండ శిఖరాల మధ్య రాతితో ఒక ఊరు కట్టారట. గైడును పెట్టుకుని, కొండల మీద గుడారాలు వేసుకుంటూ, రోజుల తరబడి నడిచి అక్కడికి పోయిందట. ఫోనులో ఫోటో చూపించింది. మబ్బుల మధ్య గోడలు, మెట్లు, పచ్చిక.

"గుడి ఉందా ఆడ?" అని అడిగింది పెద్దక్క.

"పూర్వం ఉండేదంట. ఇప్పుడు పూజలేమీ లేవు. ఎవరూ ఉండరు."

"ఎవురూ లేని ఊరికి అంత దూరం నడిచిపోతారా?" అంది పెద్దక్క, ఆశ్చర్యంగా.

డాక్టరమ్మ వెళ్ళాక పెద్దక్క పరిచిన చీరలు మడత పెట్టడంలో పడింది. నేను ఇంటికి బయలుదేరుతుంటే వెనక నుంచి పిలిచింది. "పద్మా, ఆయన ఒళ్ళు బాగుపడాలని మొదలుపెట్టినా కొండకు నడిచేది. ఆయన పొయినాక గూడా ఆపలా. ఎవురి కోసరమో ఒకరి కోసరం ఏదో ఒకటి అడగతానే నడిచినా ఇన్నేండ్లు. ఒక్కతూరి ఏమీ అడగకుండా నడవాలనుంది. ఆ ఊరికి పోదామా?" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. పెద్దక్క పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. మరుదుల కొడుకులకు కొట్టు అప్పజెప్పి, పాస్‌పోర్టు తీసుకుని, మెరీనా ఇసకలో పొద్దున్నే బూట్లేసుకుని నడవడం మొదలుపెట్టింది. అరవై దాటిన మనిషి. చీర మీద బూట్లు చూసి బీచిలో ఎవరైనా నవ్వితే, "వాళ్ళు నవ్వితే నా కాలు ఇరుగుతుందా" అనేది.

అలా మేమిద్దరం వెళ్ళాం. ఎత్తుకు అలవాటు పడాలని మొదట కొన్నాళ్ళు కుస్కో అనే ఊళ్ళో ఉన్నాం. అక్కడ గాలి పల్చన, నాలుగు మెట్లెక్కితే గుండె గొంతులో కొట్టుకుంటుంది. పెద్దక్కకు మాత్రం మహా హుషారు. సల్వారు కమీజు, స్వెట్టరు, తల మీద ఉన్ని టోపీ, మెడలో తులసిమాల. మా గైడు పేరు రూబెన్, ముప్పై ఏళ్ళుంటాయి, మెల్లగా అర్థమయ్యే ఇంగ్లీషు మాట్లాడేవాడు. నేను మధ్యలో తెలుగు చేసి చెప్పేదాన్ని. గుంపులో మాతోపాటు బెంగుళూరు దంపతులు, ఇంకా ఏవేవో దేశాలవాళ్ళు ఉన్నారు.

మొదటి రోజు నది పక్కన నడక. అక్కడక్కడా నాలుగేసి ఇళ్ళ ఊళ్ళు. ఒకచోట పొయ్యి పొగ వాసన వచ్చింది, పెద్దక్క ఠక్కున ఆగిపోయింది. "ఏమే, మన తైలం వాసన వస్తాంది ఈడ" అంది. చూస్తే దారి పొడుగునా నీలగిరి చెట్లు, ఆ కట్టెలే వాళ్ళ పొయ్యిలో. ఆ చెట్టు ఒకదానికి మగ్గం తాళ్ళు కట్టి, రెండో కొస నడుముకు చుట్టుకుని ఒకామె నేస్తోంది. పెద్దక్క ఆమె పక్కన నేల మీద కూలబడింది. ఆమెకు తెలుగు రాదు, పెద్దక్కకు వాళ్ళ భాష రాదు. పెద్దక్క గుడ్డ వెనక్కి తిప్పి దారం ముడి చూసింది. ఆమె పెద్దక్క చేయి పట్టుకుని దారం చుట్టిన నాడెను చేతిలో పెట్టింది. తర్జుమా చేయమని ఇద్దరిలో ఒక్కరూ నన్ను అడగలేదు. గుంపు ముందుకు పోతోందని రూబెన్ వచ్చి పిలిచేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. లేస్తూ పెద్దక్క, "ఇంక ఆ ఊరు చూడకపొయినా పరవాల్లే" అంది. మాటవరసకు అన్నదే. ఆ మాట తలచుకుంటే ఇప్పుడు నాకు కోపం వస్తుంది. ఎవరి మీదో తెలియదు.

రూబెన్ దమ్ము కోసం నమలమని అందరికీ కోకా ఆకులు ఇచ్చాడు. పెద్దక్క ఆకులు దొంతరగా పేర్చి, ఈనె తీసి, "సున్నమేదీ?" అంది. నేను తర్జుమా చేస్తే రూబెన్ పగలబడి నవ్వి, జేబులోంచి బూడిదతో చేసిన నల్లటి ముద్ద చిటికెడు గిల్లి ఇచ్చాడు. వాళ్ళూ అలాగే కలిపి నములుతారట. అప్పటి నుంచి అతను పెద్దక్కను అమ్మా అన్నట్టు "మమా" అని పిలిచేవాడు. గుడారాలు మోసే మనుషులు గాలిలా మమ్మల్ని దాటిపోతుంటే, ఆమె ఒక్కొక్కరినీ ఆపి మురుకులు పెట్టేది. రూబెన్ ముందుండి నడిపిస్తుంటే, "ఆ అబ్బోడికి చెప్పు, పెద్దోడు వెనకాల నడవాలని" అని నన్ను సతాయించేది. నేను చెప్పాను. అతను నవ్వి, వెనక నడవడానికి తన తోటివాడు ఉన్నాడు అన్నాడు. అయినా రెండో రోజు పొద్దున అతను మా పక్కనే నడిచాడు. ఆమె మొహం చూసి, ఒంట్లో బాగాలేదేమోనని అతనికి అప్పుడే అనుమానం వచ్చినట్టుంది.

రెండో రోజు దారి మొత్తం ఎక్కుడే. పైన కనబడే కనుమకు వాళ్ళ భాషలో చనిపోయిన ఆడమనిషి అని పేరు. దూరం నుంచి చూస్తే వెల్లకిలా పడుకున్నట్టు ఉంటుంది. "పావం, ఆమెకు గూడా మోకాళ్ళు నొప్పులేమో, పండుకుండిపొయ్యింది" అంది పెద్దక్క, ఒక్కో మాటకూ ఊపిరి పీల్చుకుంటూ. అదే ఆ కొండ మీద ఆమె ఆడిన చివరి పరాచికం. ఇంకాసేపటికి తల పట్టుకుని బండ మీద కూర్చుంది. వాంతి చేసుకుంది. పెదవులు నీలమయ్యాయి. నేను ఎవరో ఆమెకు తెలుసు, మేము ఎక్కడ ఉన్నామో మాత్రం ఒక్క క్షణం మరచిపోయి, "మోకాళ్ళ మెట్టు వచ్చిందా?" అని అడిగింది. నేను రూబెన్ను కేకేశాను.

రూబెన్ ఆమె వేలికి ఏదో పరికరం తగిలించి చూసి, వెంటనే దింపాలన్నాడు. తన తోటివాడిని తోడు పంపుతానన్నాడు. మెత్తగా, నెమ్మదిగా నాకు చెప్పాడు: "కిందికి దిగితే ఈమె తేరుకుంటుంది. భయం లేదు. తేరుకున్నాక రైలు ఉంది, రైలు దిగితే బస్సు ఉంది. బస్సు ఆ రాతి ఊరి గుమ్మం దాకా పోతుంది. మేము నడిచి చేరే రోజుకి మీరూ అక్కడికి రావచ్చు." నేను పెద్దక్కకు అంతా చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "నడక తెగిపొయ్యింది గదా. నేను దిగతా. నువ్వు పో. నీకేం, నీ కాళ్ళు బాగుండాయి, పో."

"చివరి మనిషి రాకుండా నేనెట్లా పోతా పెద్దక్కా?" అన్నాను.

ఆమె నన్ను చాలాసేపు చూసింది. తను నేర్పిన మాటను తనే కాదనడం ఆమెకు చేతకాలేదు. ఆమె నేర్పిన మాటను దాటడం నాకు చేతకాలేదు. రూబెన్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అతనికి ఏం అర్థమైందో కానీ తన మెడలోని ఉన్ని గుడ్డ తీసి పెద్దక్క మెడకు చుట్టాడు. దారిలోని చివరి ఊరి నుంచి కిందికి గుర్రం దొరికింది. "దిగేదానికి మొక్కు లేదులే" అని పెద్దక్క గుర్రం ఎక్కింది.

రూబెన్ చెప్పినట్టే దిగిన మర్నాటికి తేరుకుంది. రైలు బయలుదేరే ఆ కింది ఊళ్ళోనే హోటలు తీసుకున్నాం. రెండు రొట్టెలు తిని, సూపులో తను తెచ్చుకున్న మిరియాలపొడి చల్లుకుని తాగింది. బజారుకు నడిచింది, దారాల రంగులు బేరం చేసింది. ఆరోగ్యంగా ఉంది, అదే నన్ను ఇప్పటికీ కోసే సంగతి. ప్రతి పొద్దునా కిటికీ కింది నుంచి ఆ శిథిలాలకు పోయే రైలు కూత వేసేది. వ్యాసర్పాడిలో పుట్టినదాన్ని, రైలు కూత నాకు ఊపిరి లాంటిది, అయినా ఆ కూత వింటే ఒళ్ళు చచ్చుబడేది. ఒక పొద్దున ఉండబట్టలేక అడిగాను.

"పెద్దక్కా, రైల్లో పోయొద్దాం. టికెట్లు ఉండాయంట."

"బస్సులోనా పోయేది కొండకు? మల్లికను నేనేమని పంపినా ఆ పొద్దు? ఆమెకొక న్యాయం, నాకొక న్యాయమా?" అంది. తరవాత కొంచెం మెత్తబడి, "కొండ యాడికి పోతుందే. వచ్చే యేడు వస్తాం. మొదట్నించి నడుస్తాం" అంది. ఆ గొంతులో అంత నమ్మకం ఉంది. నేనూ నమ్మాను. నమ్మడం సులువు, ఎదురు చెప్పడం కష్టం. ఆమె ఎదుట నేను గట్టిగా మాట్లాడిన రోజు ఒక్కటీ లేదు. ఆ కొండకూ మా పెరటాసికీ సంబంధం లేదని, అక్కడ మల్లికా లేదు, మహాద్వారమూ లేదని చెప్పాలని నాకు తట్టలేదు. మేము పసుపు చీరలు కట్టుకోకపోయినా, పసుపు చీరల నియమాన్ని మాత్రం సూట్‌కేసులో మడత పెట్టుకుని సముద్రాలు దాటించాం.

తిరిగొచ్చాక బెంగుళూరు దంపతులు ఫోటోలు పంపారు. తెల్లవారుజామున రాతి గుమ్మం లోంచి కిందికి చూస్తే, ఎండ పడుతున్న ఆ ఊరు. పెద్దక్క చూడనంది. "నడిచినాక నా కండ్లతోనే చూస్తా, పెట్టుకో" అని ఫోను నా చేతికి ఇచ్చేసింది. ఆ పెరటాసికి ఆమె నడవలేదు, ఆయాసం. మరుసటి ఏడు డాక్టర్లు ఊపిరితిత్తుల జబ్బు పేరు చెప్పారు. కొట్టు పైన మేడ మీద గదిలో మంచానికి అతుక్కుపోయింది. నేను శనివారాలు వెళ్ళి కూర్చునేదాన్ని. కింద నుంచి బేరాల మాటలు, చీరలు పరిచే చప్పుడు వినబడుతుండేవి. ఆమె కళ్ళు మూసుకుని వింటూ, "ఆ పిల్ల తొందరపడతాంది, బేరం పొయ్యింది చూడు" అని చెప్పేది.

ఒక మధ్యాహ్నం తనే అడిగింది. "ఆ ఫోటో ఉందా నీ తావ?"

ఫోను తీసి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుంది. బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి, ఒక్కొక్క గోడా చూసింది. చీర అంచు చూసినట్టే చూసింది, తొందర లేకుండా. "రాయికీ రాయికీ సందే లేదే" అంది. తరవాత అడిగింది, "ఆడికి బస్సు ఎంతసేపు పోతుంది, రైలు దిగినాక?"

నేను అబద్ధం చెప్పి ఉండాల్సింది. "అరగంట" అన్నాను.

"అరగంటే?"

ఫోను పక్కన పెట్టి కిటికీ వైపు తిరిగింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే, అది కూడా వెనక నుంచి, భుజాలు కదలడం మాత్రమే. కాసేపటికి ఇటు తిరక్కుండానే మాట్లాడింది. "ఆ కొండ నన్ను మొక్కు అడగలా పద్మా. ఏమీ అడక్కుండా పోదామనే గదా పొయినా. అదేమీ అడగలా. నేనే ఈడినించి మోసకపొయినా. నా బరువుతో నిన్ను గూడా కూచోబెట్టేసినా."

"మీరు కూచోబెట్టలా, నేనే కూచున్నా" అన్నాను.

"అదే నాకు బాధ" అంది.

ఆమె కోసం ఆగిపోవడం ప్రేమ అనుకున్నాను, ఇప్పుడూ అదే అనుకుంటాను. నేను ముందుకు పోయి ఉంటే, ఆ ఊరు ఎట్లా ఉందో మంచం పక్కన కూర్చుని చెప్పడానికి ఒక మనిషి ఆమెకు మిగిలేది. ఆగినందుకు, చూడని వాళ్ళం ఇద్దరం మిగిలాం. పాదాలు చల్లబడ్డాయంటే తైలం రాశాను. ఆమె కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకోవడం అదే మొదలు. లాక్కోబోయింది. సిగ్గా అని అడిగితే ఊరుకుంది. చలికాలం రాకముందే పోయింది.

ఇప్పుడు ఆ గుంపును నేను నడిపిస్తున్నాను. పెద్దక్క లాగే వెనక నడుస్తాను, ఆమె అంత ఓపికతో అని మాత్రం చెప్పలేను, నాకు నోరెక్కువ. పోయిన పెరటాసిలో కొట్టు ఎదురుగా పూలమ్మే శాంత మొదటిసారి మాతో వచ్చింది. అలిపిరి ఇంక కాస్త దూరం ఉందనగా గుంటలో కాలు పడి చీలమండ బూరెలా పొంగింది. ఆమె కట్టు కట్టించుకుని, నియమం తెలిసినదే కాబట్టి, మద్రాసు బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగింది. కొండ వైపు చూడకుండా అడిగింది.

"మద్రాసుకు కాదు. పైకి పోయే బస్సెక్కు" అన్నాను.

గుంపంతా నిలబడిపోయింది. మల్లిక, అదే మల్లిక, ఇప్పుడు జుట్టు నెరిసింది, ముందుకు వచ్చి నా మొహంలోకి చూసింది. "పెద్దక్క ఉంటే ఒప్పుకుంటుందా ఇది?"

"ఒప్పుకోదు" అన్నాను. "నేను ఒప్పుకుంటా. కొండ ఆడే ఉంటుంది మల్లికా. మనమే, వచ్చే యేటికి ఎవురు ఉంటామో తెలీదు."

మల్లిక మొహం ముడుచుకుని ముందు నడిచింది, రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు కూడా. శాంతకు భయం. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, "అక్కా, తప్పు గదా ఇది?" అని అడిగింది. "తప్పయితే నా మీద వేసుకుంటా. పో, చూసి రా" అన్నాను. మేము మెట్లెక్కి పైకి చేరేసరికి పొద్దు వాలింది. అలవాటు ప్రకారం అందరి తరవాత నేను ఎక్కాను. కాలినడక దారి ముగిసే చోట, గట్టు మీద, పొంగిన కాలు చాపుకుని శాంత కూర్చుని ఉంది.

"ఇంతసేపూ ఈడే కూచున్నావా? దర్శనానికి పోలేదా?"

"చివరి మనిషి వచ్చేదాకా పోగూడదంట గదక్కా" అంది. తరవాత నా వెనక మెట్ల వైపు తొంగి చూసి, "మీ వెనకాల ఎవురూ లేరు గదా?" అని అడిగింది.

లేరన్నాను. ఆమె పక్కన కూర్చుని, సంచీలోంచి తైలం సీసా తీసి, ఆమె కాలు నా ఒళ్ళోకి తీసుకున్నాను. ఆ అబద్ధం చెప్పడానికి నాకు చాలా కష్టమైంది. నా వెనక ఒక మనిషి ఉంది. ఆ రాతి ఊరికి టికెట్టు కొనుక్కోవడం ఇప్పుడు నాకు కష్టం కాదు, మీరెప్పుడు పోతారని అడిగేవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ కొండ కింది ఊళ్ళో, కిటికీ పక్కన, మేమిద్దరం ఇంకా అలాగే కూర్చుని ఉన్నాం, నేను ఆమె కోసం, ఆమె నా కోసం. ముందు ఎవరు లేవాలో ఇద్దరికీ తెలియడం లేదు.